కట్టని ఇంటికి ఫిర్యాదు

పోయిన వారం కోటేష్‌ను సారపాక బస్టాండు దగ్గర, చెవికి సెల్‌ఫోన్ ఆనించుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. అవతల మాట్లాడింది పుల్లమ్మ అనే ముసలామె. "నువ్వు కట్టిన ఇల్లు కారుతున్నది. రేపు పొద్దుగాల వచ్చి చూస్తవా, ఆదివారం సంతల నిలబెట్టి అడగమంటవా?" అని ఠక్కున ఫోన్ పెట్టేసింది. ఊరు పాలవాగు గుంపు అంది. ఆ ఊళ్లో ఇల్లు కట్టడం మాట అటుంచి, కోటేష్ అక్కడ ఏనాడూ అడుగు పెట్టింది లేదు.

ఏన్కూరు దగ్గరి తండాలో పుట్టి, తండ్రి దేవ్లా వెంట తాపీ పట్టి పని నేర్చుకుని, ఇప్పుడు సారపాకలో కిరాయి ఇంట్లో ఉంటూ చిన్న చిన్న ఇళ్లు కాంట్రాక్టుకు కడుతున్నవాడు కోటేష్. గొప్ప పేరేమీ లేదు. ఉన్న పేరల్లా ఒకటే, పిలిస్తే వస్తాడని. తలుపు బిగుసుకుపోయిందన్నా, గోడ చెమ్మగిల్లిందన్నా తెల్లారేసరికి అతని బండి వాకిట్లో ఉంటుంది. చెప్పేది పూర్తిగా వింటాడు, మధ్యలో అడ్డం రాడు. "సగం ఫిర్యాదు వింటే రిపేరు గూడ సగమే అయితది" అని భార్య హేమలతతో అంటుంటాడు. ఆ పేరు మీదే భద్రాచలంలో భార్గవి టీచరమ్మ ఇల్లు ఈ నెలలో మొదలుపెట్టాలి. సంతలో ఎవరో నిలబెట్టి తిట్టారంటే, ఆ మాట గోదావరి బ్రిడ్జి దాటి టీచరమ్మ చెవిన పడటానికి ఎంతసేపు?

"కట్టని ఇంటికి నువ్వెందుకు పోవుడు?" అంది హేమలత, బండి తీస్తుంటే.

"నంబర్ నాదే గదా. పోయి చూస్తే పోయేదేముంది?"

తొలకరి పడి నేల మెత్తబడింది. జామాయిల్ తోటల మధ్య మట్టిదారిలో వెదురు లారీల చక్రాలు చేసిన గాడుల్లో బండి రెండుసార్లు జారింది. వాగు దాటాక పది పదిహేను ఇళ్ల కోయగుంపు. అందులో ఒక్కటే స్లాబు ఇల్లు. పాత గడ్డింటి ముందు కొత్తగా, రంగు కూడా వేయకుండా, బూడిదరంగులో నిలబడి ఉంది.

పుల్లమ్మ వాకిట్లోనే ఉంది. సన్నటి మనిషి, గొంతు మాత్రం సన్నం కాదు.

"నువ్వేనా కోటేష్ కాంట్రాక్టర్‌వి? రా. చెప్పులు ఇప్పకు, లోపల బురదనే."

కోటేష్ చెప్పులు విప్పే లోపలికి వెళ్లాడు. నడిమి గదిలో నాలుగు గిన్నెలు నాలుగు చోట్ల పెట్టి ఉన్నాయి. టప్పు టప్పుమని చుక్కలు పడుతున్నాయి. ఒక మూల చీరతో కట్టిన ఉయ్యాల. దాన్ని ఊపుతున్న పిల్ల పుల్లమ్మ కోడలు వనజ. పసిగుడ్డు మీద గొడుగు తెరిచి కట్టింది.

"పిల్ల పుట్టి నెలైనా కాలే," అంది పుల్లమ్మ. "ఉయ్యాల ఈ మూలకు కడితే ఈడ కారె. ఆ మూలకు కడితే ఆడ కారె. గడ్డిల్లు ఉన్నన్ని రోజులు నా నెత్తిన చుక్క పడలే. స్లాబు పోసుకున్నంక గొడుగేసుకొని పండుకుంటున్నం. గిదేం స్లాబయ్యా?"

ఆమె చెబుతూనే ఉంది. బియ్యం సంచి తడిసిన సంగతి, కోడలికి జ్వరం వచ్చిన సంగతి, గుంపులో వాళ్లు నవ్విన సంగతి. కోటేష్ వింటూ నిలబడ్డాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అన్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పేదాంట్ల అబద్ధం లేదు. కళ్లముందే కనపడుతున్నది. కానీ ఈ ఇల్లు నేను కట్టలే."

ఆ మాటకు పెరట్లోంచి ఒక యువకుడు లేచి వచ్చాడు. పుల్లమ్మ కొడుకు లచ్చయ్య. కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు కూలీ.

"గిట్లనే అంటరని నాకు తెలుసు. కట్టేటప్పుడు మీ మనిషే, కారేటప్పుడు మీ మనిషి కాదు. మీ మేస్త్రి వచ్చి కట్టిండన్నా. కోటేష్ కాంట్రాక్టర్ మనిషినన్నడు. ఏదన్నా అయితే ఈ నంబర్‌కు ఫోన్ కొట్టమన్నడు. ఆ మాట నమ్మే ఇచ్చినం పని. లేకుంటే మాకు మేస్త్రీలు దొరకరా?"

కోటేష్‌కు ఒళ్లు మండింది. పోయినేడు పనిలోంచి తీసేసిన మేస్త్రి ఒకడు గుర్తొచ్చాడు. వాడే అయి ఉంటాడు. ఇవ్వాళే వాడి సంగతి తేల్చాలి. ముందు ఈ ఇల్లు తనది కాదని వీళ్లకు గట్టిగా చెప్పేసి వెళ్లిపోవాలి.

బయటికి రాబోతూ గుమ్మం దగ్గర తల ఎత్తాడు.

తలుపు పైన, గోడకు పూసిన సిమెంటు గిలాబులో, రూపాయి బిళ్లంత అద్దం ముక్క పొదిగి ఉంది. చుట్టూ వేలితో దిద్దిన గీత. అందులో కోటేష్ మొహం వంకరగా కనిపించింది.

అది అతని తల్లి జమ్లి పాత లంగా మీది అద్దం. ఆమె పోయాక దేవ్లా ఆ లంగాను పెట్టెలో దాచుకున్నాడు. తను కట్టిన ప్రతి ఇంటికీ గుమ్మం పైన దాంట్లోంచి ఒక అద్దం తీసి పెట్టేవాడు. "మీ అమ్మ చూస్తుంటది, దొంగపని చెయ్యలేం" అనేవాడు. ఆ పని లోకంలో ఇంకెవరూ చేయరు.

కోటేష్ గోడ మీద చేయి వేశాడు. మూల చూశాడు. కత్తితో కోసినట్టు ఉంది. ఇంత నిక్కచ్చిగా గోడ లేపిన చెయ్యి స్లాబు అంత ఘోరంగా ఎట్లా పోసింది?

"ఆ మేస్త్రి ఎట్లుంటడు?" అని అడిగాడు.

"ముసలాయన," అంది పుల్లమ్మ. ఆమె గొంతు కూడా కొంచెం తగ్గింది. "మనిషి మంచోడే, లేదనొద్దు. పని నడిచినన్ని రోజులు మా ఇంట్లనే తిన్నడు. ఉప్పెక్కువైందని గూడ అనలే. కానీ ఇటుక పెట్టేటప్పుడు చేత్తోని తడిమి తడిమి పెట్టేది. నాకప్పుడే అనుమానం."

ఉయ్యాల దగ్గరి నుంచి వనజ అందుకుంది. "పొద్దూకితే ఆయనకు మంచం కనపడకపోయేదన్నా. నేనే చెయ్యి పట్టుకొని తీస్కపోయేదాన్ని. ఎవ్వరికీ చెప్పకు బిడ్డా అన్నడు."

కోటేష్ నిచ్చెన వేసుకుని స్లాబు ఎక్కాడు. నీళ్లు పోయే పైపు తూర్పు వైపు ఉంది. వాటం, అంటే నీళ్లు జారాల్సిన వాలు, పడమటి వైపు ఉంది. వాన నీళ్లు పడమటి పిట్టగోడ మొదట్లో చిన్న కుంటలా నిలబడి, మేఘాలు చూపిస్తున్నాయి. అక్కడే కాసేపు కూర్చుండిపోయాడు.

ఎండాకాలం ముందు దేవ్లా, "బోనకల్ల చెల్లె గోరి ఇంటికి పోతున్నా, మిరపకోతలకు మనిషి కావాల్నంట" అని సంచి సర్దుకుని వెళ్లాడు. ఉగాది దాటాక నల్లబడి, చిక్కి తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉంటే మిరప ఘాటు అన్నాడు. కోటేష్ నమ్మాడు. గోరి అత్తకు ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. చేయలేదు.

కిందికి దిగి వచ్చేసరికి లచ్చయ్య చేతులు కట్టుకుని గొడవకు సిద్ధంగా నిలబడ్డాడు. పుల్లమ్మ కూడా.

"ఈ ఇల్లు నాదే," అన్నాడు కోటేష్. "నా మనిషే కట్టిండు. తప్పు మాదే. వాన తెరిపియ్యంగనే వచ్చి వాటం మళ్ల పోస్తా. మీరు ఇసుమంత సామాను గూడ తేవద్దు. అప్పటిదాంక పిల్ల తడవకుంట పైన పట్టా కప్పిపోతా, ఒక తాడు ఇయ్యి."

లచ్చయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. తాడు కోసం లోపలికి పోయాడు. పుల్లమ్మ కోటేష్‌ను ఎగాదిగా చూసింది.

"ఇందాక నాది కాదంటివి?"

"చూడకముందు అన్న మాటమ్మా అది."

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. దేవ్లా వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, ఎండు చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. ఒలిచిన గింజలు గిన్నెలో కొన్ని, నేల మీద కొన్ని. ఇన్నాళ్లూ అది వయసు నిర్లక్ష్యం అనుకున్నాడు కోటేష్. ఇవ్వాళ ఆ నేల మీది గింజలు చూస్తే గుండెలో కలుక్కుమంది. ఆ నొప్పే నోట్లోకి వచ్చేసరికి కోపమైంది.

"పాలవాగు గుంపుకు పోయొచ్చిన బాపూ."

దేవ్లా చేతులు ఆగాయి.

"నెల పసిపిల్ల గొడుగు కింద పండుకుంటున్నది. ఆ ముసలామె నన్ను నా మొహం మీదనే కడిగింది. నా పేరు చెప్పి పని పట్టినవ్. నా పేరు మీద కారే ఇల్లు కట్టినవ్. బోనకల్ పోయినా అని నాకు అబద్ధం చెప్పినవ్."

"నీ పేరంటున్నవ్," అన్నాడు దేవ్లా తల ఎత్తకుండా. "ఆ పేరు పెట్టింది ఎవరు రా?"

"గది కాదు మాట..."

లోపలి నుంచి హేమలత వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఇద్దరి మధ్యా నిలబడింది.

"పుల్లమ్మ ఎంతసేపు తిట్టింది నిన్ను?" అని భర్తను అడిగింది.

"చానాసేపు."

"అంతసేపూ ఇన్నవు గదా. ఒక్క మాట అడ్డం రాకుంట. ఇంట్ల మనిషిని గూడ అట్లనే ఇను మరి. మామకు గూడ చెప్పుకునేది ఉంటది. ఆయన ఎవరికి ఫోన్ కొడతడు?"

కోటేష్ వెళ్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. హేమలత కింద పడ్డ గింజలు ఏరుతూ అక్కడే ఉంది.

దేవ్లా చిక్కుడు తొక్క ఒకటి వేళ్ల మధ్య నలిపాడు.

"నువ్వు మంచికే అన్నవ్ రా," అన్నాడు చివరికి. "ఇంక చాలు బాపూ, కూసో, నేను సంపాదిస్తున్నా అన్నవ్. ఏ కొడుకంటడు? నలుగురికి చెప్పుకున్నా. తర్వాత పొద్దున లేస్తే చేతులకు పని లేదు. నువ్వు బండేసుకొని పోతవ్. గమేళాల చప్పుడు ఎటునుంచో ఇనపడుతది. నన్నెవ్వరూ పిలవరు. టీకొట్టు కాడ లచ్చయ్య అన్నడు, మా అమ్మకు స్లాబిల్లు కట్టియ్యాలె, మేస్త్రి కావాలె అని. నోరు ఊకోలే. ముసలోన్ని నా పేరు చెప్తే ఎవడిస్తడు పని? అందుకని నీ పేరు చెప్పిన."

"కళ్ల సంగతి?"

"ఏడాది బట్టి పొర కమ్మింది. చెప్తే నువ్వు బయటికి గూడ పోనియ్యవు గదా." ఆయన మొహం మొదటిసారి కోటేష్ వైపు తిప్పాడు. "గోడకు బాధ లేదు రా. తూకం గుండు వేలాడేస్తే చేతికి దొరుకుతది, మూల వేలికి తెలుస్తది. స్లాబు కాడ దొరికిపోయిన. ఎత్తు సరిచూసే లెవెల్ పైపుల నీళ్లు నాకు కనపడలే. కనపడలేదంటే కూలోళ్లు నవ్వుతరని, సరిపోయింది పొయ్యండి అన్న. ఆ ఒక్క మాట అన్న. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. ప్రతి మబ్బుకు గుండె కొట్టుకుంటది."

హేమలత గింజలు ఏరడం ఆపేసింది.

పని నేర్చుకునే రోజుల్లో కోటేష్ పెట్టిన మొదటి వరస ఇటుకలు వంకరపోతే దేవ్లా కోప్పడలేదు. ఇంటివాళ్లు చూడకముందే విప్పి, పక్కన కూర్చుని, మళ్లీ పెట్టించాడు. కోటేష్ ఆ సంగతి ఎత్తలేదు. తండ్రి ఒళ్లోని చిక్కుడుకాయలు సగం తన ఒళ్లోకి తీసుకున్నాడు.

"తెరిపిస్తే పోదాం," అన్నాడు ఒలుస్తూ. "పైపుల నీళ్లు నేను చూసి చెప్త. వాటం నువ్వు పట్టు."

"నేనా? ఆ పుల్లమ్మ కాళ్లు ఇరగ్గొడుతది."

"కొడితే ఇద్దరికీ కొడుతది. గా పని కాంగనే ఖమ్మం కంటి దవాఖానకు పోదాం. ఇందుల బేరం లేదు."

దేవ్లా ఆలోచించాడు. "ముందు స్లాబు," అన్నాడు. "తర్వాత కన్ను."

"అవ్, గంతే," అంది హేమలత, వాళ్లిద్దరి బదులు తనే బేరం ముగిస్తూ.

వాన తెరిపిచ్చింది. ఇసుక, సిమెంటు ట్రాక్టర్‌లో వేసుకుని తండ్రీకొడుకులు పాలవాగు గుంపు చేరారు. ట్రాక్టర్ దిగి దేవ్లా పుల్లమ్మ ఉన్న దిక్కుగా చేతులు జోడించాడు. ఆమె ఉన్నది అటు కాదు, కొంచెం ఎడమకు. ఆమే జరిగి వచ్చి ఆ చేతుల ముందు నిలబడింది.

"తప్పు నాదే పుల్లమ్మా. నా కొడుక్కు తెల్వదు. నాకు చూపు లేదని చెప్పకపోవుడు నా తప్పు."

లచ్చయ్య తల్లి మొహంలోకి చూశాడు. కోటేష్ కూడా చూశాడు. కొడుకు ఫోన్ నంబర్ పట్టుకుని సంతదాకా లాగుతానన్న మనిషి, ఆ జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించింది.

"నాకు తెల్వదా?" అంది. "మా కోడలు చెయ్యి పట్టుకొని మంచం కాడికి తీస్కపోతుంటే నేను చూడలేదా? తెలిసీ స్లాబు పొయ్యనిచ్చిన. జల్దీ కావాలె, పిల్ల పుట్టేలోపల కావాలె అని నిన్ను తరిమింది నేనే గదా. నా తప్పు గూడ ఉన్నది అందుల. ముందు చాయ్ తాగు."

ఆ పని పూర్తి కావడానికి అనుకున్న దానికంటే ఎక్కువే పట్టింది. పాత స్లాబు పైన గీరి, కడిగి, ఆరబెట్టారు. కోటేష్ లెవెల్ పైపు ఒక కొస పట్టుకుంటే లచ్చయ్య రెండో కొస పట్టుకున్నాడు. "ఇంకొంచెం లేపు, చాలు" అని కోటేష్ నీళ్లు చూసి చెప్పేవాడు. దేవ్లా మోకాళ్ల మీద కూర్చుని, సిమెంటు మాలు పరుస్తూ, అరచేత్తో నిమురుతూ వెనక్కి జరిగేవాడు. ఎక్కడైనా గుంట పడితే కోటేష్ కంటికంటే ముందు ఆయన చేతికే తెలిసేది. కొన్నిసార్లు చేతికి తెలియనిది కోటేష్ కంటికి దొరికేది. అప్పుడు "బాపూ, అక్కడ" అనేవాడు. "ఎక్కడ రా, సరిగ్గ చెప్పు" అని దేవ్లా విసుక్కునేవాడు. చాలా రోజుల తర్వాత ఆ విసుగు విని కోటేష్ లోలోపల నవ్వుకున్నాడు.

కింద వనజ గొడుగు ముడిచి గోడకు ఆనించింది. పాప ఉయ్యాల మూల వదిలి గది నడుమకు వచ్చింది.

పోసింది గట్టిపడ్డాక నీళ్లు పోసి చూశారు. బిందె నేనే వంపుతానని దేవ్లా పట్టుబట్టాడు. పడమటి పిట్టగోడ దగ్గర వంపి, బిందె పక్కన పెట్టి, తల ఒక పక్కకు వంచి నిలబడ్డాడు. నీళ్లు ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు ఆగాయి. తర్వాత సన్నగా తూర్పుకు కదిలాయి. పైపులోంచి కింద మట్టిలో బొడబొడమని పడ్డ చప్పుడు వినిపించగానే, వాకిట్లో ఉన్న పుల్లమ్మ "పడుతున్నయ్! పడుతున్నయ్!" అని చిన్నపిల్లలా అరిచింది.

దేవ్లా పిట్టగోడ మీద కూలబడి, సిమెంటు చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నాటుకోడి కూర, జొన్నరొట్టె. చెట్టు నీడలో తింటుండగా పుల్లమ్మ కోటేష్ విస్తట్లో ఇంకో ముక్క వేసింది.

"ఆదివారం సంతల చెప్తా," అంది.

కోటేష్ చెయ్యి నోటి దగ్గర ఆగింది. "ఏమని?"

"కోటేష్ కాంట్రాక్టర్ ఇల్లు కారుతది, కానీ ఫోన్ చేస్తే వస్తడని."

"మొదటి మాట ఎందుకమ్మా, రెండోది చెప్తే సరిపోదా?" అన్నాడు కోటేష్. అందరికంటే గట్టిగా నవ్వింది దేవ్లా. ఆ నవ్వు విని కోటేష్‌కు కడుపు నిండింది. కంటి ఆపరేషన్ అయ్యాక టీచరమ్మ ఇంటికి ఆయన్ను వెంట తీసుకుపోవాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాడు.

అప్పుడే వాగు వైపు నుంచి ఒక మనిషి సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద. పుల్లమ్మ గుర్తుపట్టింది. "పోతయ్యా, ఎగువ గుంపు నుంచి గిట్ల వస్తివేంది?"

దేవ్లాను చూసి పోతయ్య మొహం వికసించింది.

"పెద్దాయనా! నువ్విక్కడ ఉన్నవని లచ్చయ్య చెప్తే ఉరికొచ్చిన. ఉగాదికి ముందు నువ్వు పోసిపోయిన స్లాబు, పైన వాటం పొయ్యనీకి సామాను లేక ఇన్నాళ్లు అట్లనే ఉంచినం. ఇప్పుడంత కుదిరింది. మా పిల్లలు చదువుకునే గది స్లాబును కింద మోస్తున్న సెంట్రింగ్ చెక్కలు రేపు పొద్దున ఇప్పుతున్నం. పిల్లలందరు పొద్దున్నే వస్తమన్నరు, కొబ్బరికాయ కొట్టాలె గదా. కట్టిన చేతులతోని నువ్వే ఇప్పాలె."

విస్తట్లో దేవ్లా చెయ్యి కదలలేదు.

కోటేష్ మెల్లగా తండ్రి వైపు తిరిగాడు.

"బాపూ," అన్నాడు, ఎవరికీ వినపడనంత చిన్నగా. "ఆ స్లాబుల ఇనుప చువ్వలు కట్టింది ఎవరు?"